ఫ్రాయిడ్ పాఠంలో పేషెంట్ల పేజీ ఎక్కడ? మనస్తత్వశాస్త్ర సిలబస్ పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. డిగ్రీ స్థాయిలో మనస్తత్వశాస్త్రానికి సిలబస్ తయారుచేసే బోర్డు సభ్యులకు, ఆ సిలబస్ ప్రకారం తెలుగులో పాఠ్యపుస్తకాలు రాసే అధ్యాపకులకు, అవి చదివి కౌన్సెలింగ్ వృత్తిలోకి వచ్చిన మిత్రులకు కలిపి ఈ లేఖ రాస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు ఈ సబ్జెక్టే చెబుతున్నాను. మీలో కొందరు నాకు పాఠం చెప్పినవాళ్లు. ఆ గౌరవం ఎప్పటికీ ఉంటుంది.

ఈ విషయం మీద మా విశ్వవిద్యాలయం బోర్డుకు మూడుసార్లు రాశాను. మొదటి ఉత్తరానికి ఊదారంగు ముద్ర, ఇన్‌వార్డు నంబరు దక్కాయి. రెండోదానికి ఒక ఫోన్ వచ్చింది, "పరిశీలనలో ఉంది మేడమ్" అన్నారు. మూడోదానికి అదీ లేదు. ఈలోగా కొత్త సిలబస్ వచ్చేసింది. రోగిని మాట్లాడించి మనసును విప్పే 'మనోవిశ్లేషణ' పద్ధతిని మొదలుపెట్టిన వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్ మీది యూనిట్‌లో ఒక్క అక్షరం మారలేదు. అందుకే అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

నేను అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. ఫ్రాయిడ్ సిద్ధాంతంతో పాటు ఆ సిద్ధాంతం ఎవరి మీద, ఎలా తయారైందో ఆ చరిత్ర కూడా పిల్లలకు చెప్పనివ్వండి. పాల్ రోజెన్ అనే చరిత్రకారుడి జీవితాన్ని, ఆయన చేసిన పనిని అందులో ఒక పాఠంగా పెట్టండి.

ఇదంతా నాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. మూడేళ్ల కిందట మా ఫైనలియర్ అమ్మాయి ఒకరు వాళ్లమ్మను స్టాఫ్‌రూమ్‌కు తీసుకొచ్చింది. ఆమెకు ఆరేళ్ల కొడుకున్నాడు. మాట రాలేదు, పిలిస్తే చూడడు, ఫ్యాన్ తిరుగుతుంటే గంటసేపు దాన్నే చూస్తూ ఉంటాడు. ఆటిజం అని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆ తర్వాత ఎవరో చెబితే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లారు. "పసితనంలో మీరు దగ్గరికి తియ్యలేదు, అందుకే బిడ్డ తనలోకి తాను ముడుచుకుపోయాడు" అన్నారట అక్కడ. ఆ తల్లి గుడ్డసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రిపోర్టుల మధ్య దాచుకున్న ఒక ఫొటో తీసి నా బల్ల మీద పెట్టింది. పొలం గట్టు మీద నిలబడి ఉంది, చంకలో బిడ్డ, రెండో చేతిలో కొడవలి. "వాణ్ణి నేను దించిందెప్పుడు మేడమ్?" అని అడిగింది.

నా దగ్గర జవాబు ఉంది. కానీ ఆ జవాబు నేను పాఠం చెప్పే పుస్తకంలో లేదు. తల్లి చల్లదనం వల్లే ఆటిజం వస్తుందన్న మాటను అమెరికాలో బాగా ప్రచారం చేసినవాడు బ్రూనో బెటల్‌హైమ్. షికాగోలో పిల్లల కోసం నడిచిన ఒక రెసిడెన్షియల్ స్కూలుకు 1944 నుంచి 1973 దాకా అధిపతి. మనోవిశ్లేషణ పేరు చెప్పుకునే 1967లో తల్లుల మీద నింద మోపే పుస్తకం రాశాడు. అంతకు మూడేళ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు ఈ వాదాన్ని పునాదితో సహా ప్రశ్నించాడు. ఆయన స్వయంగా ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి. 1990లో బెటల్‌హైమ్ చనిపోయాక, ఆయన తమను కొట్టేవాడని ఆ స్కూల్లో పెరిగినవాళ్లే కొందరు బయటికొచ్చి చెప్పారు. ఈ వాదం పుట్టిన చోట ఎప్పుడో కూలిపోయింది. మన దగ్గర మాత్రం ఒక తల్లి చెవిలో ఇంకా మోగుతోంది. ఆ కౌన్సెలర్ చెడ్డ మనిషని నేను అనుకోవడం లేదు. మన సిలబస్ చదివి, మన పరీక్షలో పాసైన మనిషి. పుస్తకంలో ఏముందో అదే చెప్పారు. ఆ తర్వాత ఏం జరిగిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక రోజెన్ సంగతి.

పాల్ రోజెన్ 1936లో బోస్టన్‌లో పుట్టారు. ఆయన డాక్టరు కాదు, మనోవిశ్లేషకుడూ కాదు. హార్వర్డ్‌లో రాజనీతిశాస్త్రం చదువుకుని, అక్కడే కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. ఫ్రాయిడ్ రాజకీయ, సామాజిక ఆలోచనల మీద 1968లో మొదటి పుస్తకం తెచ్చారు. తర్వాత కెనడా వెళ్లి టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో చాలా ఏళ్లు ప్రొఫెసర్‌గా పనిచేశారు. 2005లో, 69 ఏళ్ల వయసులో చనిపోయారు. డిగ్రీలు, ఉద్యోగాల వరకు చూస్తే ఇది మామూలు ప్రొఫెసర్ జీవితమే. ఆయన్ని వేరుగా నిలబెట్టింది 1964 తర్వాత రెండు మూడేళ్లలో చేసిన పని.

ఫ్రాయిడ్ 1939లో లండన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత పాతికేళ్లకు కూడా ఆయన్ని ఎరిగినవాళ్లు చాలామందే బతికి ఉన్నారు. నాజీల భయంతో వియన్నా వదిలి వెళ్లినవాళ్లు ఇంగ్లండులో, అమెరికాలో ముసలితనం గడుపుతున్నారు. ఊరి చరిత్ర కావాలంటే ముందు అరుగు మీది ముసలాయన్ని అడగాలని మనకు తెలుసు. ఇంకా ముప్పయ్యేళ్లు నిండని రోజెన్ ఆ పనే చేశారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి కూర్చున్నారు. ఫ్రాయిడ్‌ను స్వయంగా ఎరిగినవాళ్లను డెబ్బై మందికి పైగా కలిశారు. వాళ్లలో 25 మంది ఒకప్పుడు ఫ్రాయిడ్ పేషెంట్లు. ఫ్రాయిడ్ రచనలన్నిటినీ 24 సంపుటాలుగా ఇంగ్లీషులోకి తెచ్చిన జేమ్స్ స్ట్రేచీని కలిసిన రెండేళ్లకే, 1967లో, స్ట్రేచీ పోయారు. రోజెన్ ఇంకో ఐదేళ్లు ఆలస్యం చేసి ఉంటే ఆ మాటలు దొరికేవి కావు. 1965లో లండన్‌లో, ఫ్రాయిడ్ అధికారిక జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్ కాగితాలు చూసే అవకాశం కూడా వచ్చింది. మనోవిశ్లేషకుడు కాని మనిషికి ఆ తలుపు తెరుచుకోవడం అదే మొదటిసారి. అనుమతి ఇచ్చింది ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడే.

ఆ తిరుగుళ్లలో ఆయనకు విక్టర్ టౌస్క్ కథ దొరికింది. దీన్ని కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. నేను ఈ కథ చెప్పినరోజు మా క్లాసులో వెనక బెంచీ వాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టేశారు.

టౌస్క్ 1879లో, ఇప్పుడు స్లొవేకియాలో ఉన్న జిలినాలో పుట్టాడు. లాయరుగా చేశాడు, జర్నలిస్టుగా చేశాడు, ఏదీ నిలవలేదు. 1908లో వియన్నా వచ్చి ఫ్రాయిడ్ బృందంలో చేరాడు. పిల్లల తండ్రి అయ్యాక మెడిసిన్ చదివాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో మనోవైద్యుడిగా ఉండి, భయంతో పారిపోయిన సైనికుల మనసు గురించి సానుభూతితో రాశాడు. 1919లో ఆయన రాసిన ఒక వ్యాసం ఇప్పటికీ చదువుతున్నారు. ఎక్కడో ఉన్న ఒక యంత్రం తమ ఆలోచనలను నడిపిస్తోందని నమ్మే స్కిజోఫ్రీనియా రోగుల గురించిన వ్యాసం అది. "నా తలలో చిప్ పెట్టారు, సెల్ టవర్ నుంచి నన్ను ఆడిస్తున్నారు" అనే రోగి ఎదురుగా కూర్చుంటే, మన మనోవైద్యులు టౌస్క్ వందేళ్ల కిందట విన్నదే వింటున్నారు.

యుద్ధం ముగిశాక టౌస్క్ తనకు విశ్లేషణ చేయమని ఫ్రాయిడ్‌ను అడిగాడు. ఫ్రాయిడ్ ఒప్పుకోలేదు. హెలీన్ డాయిచ్ దగ్గరికి పంపారు. ఆమె అప్పటికి ఆ వృత్తికి కొత్త. పైగా ఆమె స్వయంగా ఫ్రాయిడ్ దగ్గర విశ్లేషణలో ఉంది. విశ్లేషణలో పేషెంటు సోఫా మీద పడుకుని మాట్లాడాలి. టౌస్క్ ఆమె గదిలో సోఫా మీద ఫ్రాయిడ్ గురించి మాట్లాడేవాడు. ఆమె ఫ్రాయిడ్ గదిలో సోఫా మీద టౌస్క్ గురించి మాట్లాడేది. మూడు నెలలకు ఫ్రాయిడ్ ఆమెను తేల్చుకోమన్నారు. టౌస్క్ చికిత్స కొనసాగిస్తే తన దగ్గర ఆమె చికిత్స ఆగిపోతుంది. ఆమె టౌస్క్‌ను పంపేసింది. 1919 జూలై 3న ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 40 ఏళ్లు. ఫ్రాయిడ్‌కు ఒక ఉత్తరం రాసిపెట్టి వెళ్లాడు.

ఫ్రాయిడ్ పత్రికలో గౌరవంగా సంతాపం రాశారు. ఆగస్టు 1న రచయిత్రి లూ ఆంద్రియాస్ సలోమేకు రాసిన ఉత్తరంలో మాత్రం, అతను లేని లోటు తనకు పెద్దగా అనిపించడం లేదని రాశారు. లూ ఒకప్పుడు టౌస్క్‌కు బాగా దగ్గరైన మనిషి. ఆమె ఆయన్ని పిలిచిన 'బ్రదర్ యానిమల్' అన్న మాటనే రోజెన్ 1969లో తన పుస్తకానికి పేరుగా పెట్టారు. యాభై ఏళ్లపాటు ఈ సంగతులు వృత్తిలోని పెద్దల మధ్యే గుసగుసలుగా ఉండిపోయాయి. ముసలితనంలో హెలీన్ డాయిచే రోజెన్‌కు నోరు విప్పి చెప్పారు. తర్వాత 1985లో ఆమె జీవితచరిత్ర కూడా ఆయనే రాశారు.

అదే పుస్తకంలో రోజెన్ ఇంకో విషయం అచ్చులో పెట్టారు. ఫ్రాయిడ్ 1918లో మొదలుపెట్టి సొంత కూతురు అన్నాకు తానే విశ్లేషణ చేశారు. మన పుస్తకాల్లో "విశ్లేషకుడికి, పేషెంటుకు మధ్య వేరే సంబంధం ఉండరాదు" అని నియమం రాయిస్తాం. ఆ నియమాన్ని నేర్పిన ఇంట్లోనే అది నిలవలేదని చెప్పడానికి ఒక బయటి మనిషి రావాల్సి వచ్చింది.

రోజెన్‌కు దక్కింది ఆగ్రహం. తలుపు తెరిచిన అన్నా ఫ్రాయిడే చాలా నొచ్చుకున్నారు. 1951లో ఫ్రాయిడ్ ఆర్కైవ్స్ సంస్థను మొదలుపెట్టిన కర్ట్ ఐస్లర్ 1971లో ఒక పెద్ద ఖండన గ్రంథం, 1983లో టౌస్క్ ఆత్మహత్య మీదే ఇంకో పుస్తకం రాశారు. ఒక్క పుస్తకానికి జవాబుగా రెండు పుస్తకాలు. వాదించుకోవడం తప్పు కాదు, అలాగే చెయ్యాలి. కానీ ఐస్లర్ సేకరించి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంచిన కాగితాల్లో చాలావాటికి ఏళ్ల తరబడి తాళం పడింది. కొన్నింటికి గడువు 22వ శతాబ్దం దాకా పెట్టారు. ఒకవైపు ఖండన అచ్చవుతుంటే, రెండోవైపు నిజం తేల్చే కాగితాలు మూసిన గుప్పిట్లో ఉన్నాయి. తర్వాత తాళాలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. 2017లో ఫ్రాయిడ్ పత్రాలను ఆ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది. ఈరోజు మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చున్న అమ్మాయి కూడా వాటిని చూడగలదు, ఎవరైనా అలాంటివి ఉన్నాయని చెబితే.

రోజెన్ చెప్పిందల్లా వేదమని నేను అనడం లేదు. టౌస్క్ చావు బరువును ఫ్రాయిడ్ వైపు మరీ ఎక్కువ లాగారని నాకూ అనిపిస్తుంది. యుద్ధం, లేమి, దగ్గరపడుతున్న పెళ్లి, ఇవన్నీ ఆ మనిషి మీద ఉన్నాయి. నలభై యాభై ఏళ్ల తర్వాత ముసలివాళ్లు చెప్పే జ్ఞాపకం ఎంత గట్టిదన్న ప్రశ్న కూడా సరైందే. అయితే రోజెన్ ఫ్రాయిడ్‌కు శత్రువు కాదు. ఆయన్ని గొప్ప ఆలోచనాపరుడిగానే చూశారు. గొప్పవాడిని మనిషిగా కూడా చూడాలన్నదే ఆయన పట్టు. మన విద్యార్థులకు అలవాటు చెయ్యాల్సింది ఈ చూపే.

ఇప్పుడు మన పాఠ్యపుస్తకాల సంగతికి వస్తాను. ఏ పుస్తకం, ఎవరు రాశారు అన్నది ఇక్కడ చెప్పను. నా దగ్గరున్న నాలుగు పుస్తకాల్లోనూ దాదాపు ఇవే వాక్యాలు ఉన్నాయి.

1. "బ్రాయర్ చికిత్సతో అన్నా ఓ పూర్తిగా కోలుకుంది." 1895లో ఫ్రాయిడ్, ఆయన తోటి వైద్యుడు బ్రాయర్ కలిసి అచ్చువేసిన కథ అది. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. హెన్రీ ఎలెన్‌బర్గర్ అనే చరిత్రకారుడు స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెన్ శానటోరియం రికార్డులు వెతికి 1972లో బయటపెట్టాడు: బ్రాయర్ చికిత్స అయిపోయాక, 1882లో ఆమెను అక్కడ చేర్చాల్సి వచ్చింది. ఆమె నిజంగా నిలదొక్కుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్లకు. 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘాన్ని స్థాపించి, అమ్ముడుపోతున్న ఆడపిల్లల కోసం జీవితమంతా పనిచేసింది. మన పుస్తకంలో ఆమె ఒక లక్షణాల జాబితా. గ్లాసులో నీళ్లు తాగలేని అమ్మాయి. ఇది చదివి, "నాలుగు మాటలు మాట్లాడితే జబ్బు పోతుంది" అనుకునే పిల్లలు, ఇంట్లో ఎవరికైనా మందులు అవసరమైనప్పుడు వాటిని ఆపించేస్తారు. అలా ఆపించిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి నాలుగు నెలలు పోయాయి.

2. ఎమ్మా ఎక్‌స్టైన్ పేరు అసలు లేనే లేదు. 1895లో ఫ్రాయిడ్ స్నేహితుడు ఫ్లీస్ ఆమె ముక్కుకు ఆపరేషన్ చేసి, కనీసం అర మీటరు గాజుగుడ్డ లోపలే వదిలేశాడు. కొన్ని వారాలకు ఇంకో డాక్టరు దాన్ని బయటికి లాగినప్పుడు ఆమె రక్తస్రావంతో చావు అంచుకు వెళ్లింది. మరుసటి ఏడాదికి ఫ్రాయిడ్ ఆ రక్తస్రావాన్నే ఆమె మనసులోని కోరికగా వివరించారు. ఫ్రాయిడ్, ఫ్లీస్ ఉత్తరాలు 1950లో మొదట అచ్చయినప్పుడు ఈ సంగతి తీసేశారు. 1966లో ఫ్రాయిడ్ సొంత వైద్యుడు మాక్స్ షూర్ దాన్ని బయటపెట్టాడు, ఉత్తరాలు పూర్తిగా వచ్చింది 1985లో. ఎమ్మా మేనల్లుడు ఆల్బర్ట్ హర్స్ట్ కూడా ఫ్రాయిడ్ పేషెంటే. రోజెన్ ఆయన్ని కలిసి మాట్లాడారు. ఇది చదవని విద్యార్థి రేపు కౌన్సెలర్ అయ్యాక, కడుపులో నొప్పి అంటూ వచ్చిన కోడల్ని "అది మనసులోదమ్మా" అని పంపేస్తే తప్పెవరిది? ముందు స్కానింగ్ చేయించమని చెప్పాలన్న జాగ్రత్త ఎక్కడినుంచి వస్తుంది?

3. "విశ్లేషకుడు అద్దంలా, సర్జన్‌లా నిర్వికారంగా ఉండాలి." ఫ్రాయిడ్ 1912లో అలా రాసిన మాట నిజమే. ఆయన గదిలో సోఫా మీద పడుకున్న పేషెంట్లు ఏం చూశారో రోజెన్ ముప్పయ్యేళ్లు దగ్గర పెట్టుకుని 1995లో పుస్తకంగా ఇచ్చారు. పదిమంది పేషెంట్ల కథలు ఉన్నాయి అందులో. వాళ్లు చూసిన ఫ్రాయిడ్ మాట్లాడతాడు, అభిప్రాయాలు చెబుతాడు, ఇంటి సంగతులు పట్టించుకుంటాడు. కొన్నిసార్లు అది మేలు చేసింది. కొన్నిసార్లు చెయ్యలేదు. సంగీతకారుడు మార్క్ బ్రన్స్‌విక్‌ను, ఆయన భార్య రూత్‌ను, ఆయన సోదరుడు డేవిడ్‌ను ఫ్రాయిడే విశ్లేషించారు. ఒకే ఇంటి మనుషుల రహస్యాలన్నీ ఒకే చెవికి చేరాయి. రూత్ మార్ఫిన్‌కు బానిసై 1946లో చనిపోయింది. భార్యాభర్తలిద్దరికీ, అత్తకీ కోడలికీ ఒకే కౌన్సెలర్ విడివిడిగా సెషన్లు పెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. అక్కడ విన్నది ఇక్కడ జారిందని తెలిసి కాపురం చెడిన కేసు మా వీధిలోనే ఉంది.

4. "ఫెరెంజీ చివరి రోజుల్లో మతి చలించి తప్పుదారి పట్టాడు." ఫెరెంజీ ఫ్రాయిడ్‌కు దగ్గరైన హంగరీ మనోవిశ్లేషకుడు. ఈ మాటకు మూలం ఎర్నెస్ట్ జోన్స్ రాసిన ఫ్రాయిడ్ జీవితచరిత్ర, 1957 నాటి మూడో సంపుటం. మరుసటి ఏడాదే ఎరిక్ ఫ్రామ్ అనే మనోవిశ్లేషకుడు దీన్ని ఖండించాడు. ఫెరెంజీ 1933లో పోయింది రక్తహీనత జబ్బుతో. 1932లో ఆయన రాసుకున్న డైరీ 1985లో అచ్చయింది. చదివితే అది మతి చలించిన మనిషి రాసింది కాదని ఎవరికైనా తెలుస్తుంది. పెద్దలు చేసిన గాయాలకు బలైన పిల్లల మాటను నమ్మాలని ఆయన గట్టిగా వాదించాడు. ఆ వాదన వల్లే ఫ్రాయిడ్‌కు దూరమయ్యాడు. ఎనిమిదో తరగతి పిల్ల వచ్చి ఇంట్లో బంధువు చేసిన పని చెబితే "ఊహించుకుంటోంది" అనే పెద్దలు మన మధ్య ఉన్నారు. ఫెరెంజీని పిచ్చివాడిగా చదువుకున్న కౌన్సెలర్ ఎవరి మాట నమ్ముతారు?

మన దేశం సంగతి కూడా ఒక మాట. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టారు. ఫ్రాయిడ్‌ను ఎన్నడూ కలవకుండానే ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, కొడుక్కి తల్లి మీద కోరిక, తండ్రి మీద పగ ఉంటాయన్న ఈడిపస్ భావన విషయంలో నేరుగా విభేదించారు. మన పుస్తకాల్లో ఆయనకు సగం లైను కూడా లేదు. తెలుగు నవలల విమర్శలో 'ఈడిపస్ కాంప్లెక్స్' అన్న మాట దశాబ్దాలుగా వాడుతున్నాం. దాన్ని కాదన్న భారతీయుడి పేరు మాత్రం పిల్లలకు చెప్పం.

"పిల్లలకు ఇడ్, ఈగో, సూపర్ ఈగోలే ఎక్కడం లేదు, ఇవన్నీ ఎందుకు?" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. నా అనుభవం వేరు. మంచుకొండ బొమ్మ గీయించి, పది మార్కుల జవాబు బట్టీ పట్టించిన రోజు వాళ్లకు నిద్ర వస్తుంది. హెలీన్ డాయిచ్ ఎవరి మాట వినాలో తేల్చుకోలేని ఆ రోజు గురించి చెప్పినప్పుడు, "ఆమె చేసింది తప్పేనా మేడమ్?" అని గంట కొట్టాక కూడా నన్ను వదలరు.

కాబట్టి మిమ్మల్ని కోరుతున్నవి ఇవి:

1. వచ్చే సిలబస్ సవరణలో ఫ్రాయిడ్ యూనిట్‌కు చరిత్ర పాఠం చేర్చండి. బెర్తా పాపెన్‌హైమ్, ఎమ్మా ఎక్‌స్టైన్, టౌస్క్, ఫెరెంజీ, బోస్, ఇలాంటి కథలను బయటికి తెచ్చిన ఎలెన్‌బర్గర్, రోజెన్ అందులో ఉండాలి. చోటు లేదంటే, ఐదు మనోలైంగిక దశల లక్షణాలను మూడుచోట్ల తిరగరాసిన పేజీలు తగ్గించండి. చోటు దానంతట అదే వస్తుంది.

2. ఇప్పటికే అచ్చయిన పుస్తకాలకు ఒక సవరణల పట్టీ విడుదల చెయ్యండి. రెండు పేజీలు చాలు. పైన చెప్పిన నాలుగు అంశాలూ అందులో ఉండాలి. కొత్త ముద్రణ దాకా ఆగవద్దు. ఆల్ ఇన్ వన్ గైడ్లు వేసేవాళ్లకు కూడా అది చేరాలి. మా పిల్లలు చదివేది ఎక్కువగా వాటినే.

3. ఆటిజానికి, స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకం కారణం కాదని పుస్తకంలో సూటిగా, పెద్ద అక్షరాలతో రాయండి. ఆ పాత వాదం ఎవరిదో, ఎలా కూలిందో పక్కనే రాయండి. కౌన్సెలింగ్ డిప్లొమా కోర్సులకు కూడా ఇది వర్తించాలి. కౌన్సెలర్ మిత్రులకు నా విన్నపం ఇంకొకటి. ఎప్పుడైనా ఏ తల్లితోనైనా ఈ మాట అని ఉంటే, ఒక్కసారి ఫోన్ చేసి అది తప్పని చెప్పండి.

4. రోజెన్ చేసిన పనిని పీజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మన నేల మీద చేయించండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అక్కడ పనిచేసి రిటైరైన నర్సులు, అటెండర్లు, వంటవాళ్లు, బాగై ఇంటికెళ్లిన పేషెంట్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఇష్టంతో, పేర్లు దాచి, వాళ్ల మాటలు రాసుకోవాలి. మన దగ్గర మనోవైద్యం ఎలా నడిచిందో ఫైళ్లు సగమే చెబుతాయి. ఈ పని వచ్చే పదేళ్లలో జరగకపోతే అడగడానికి మనుషులు మిగలరు.

5. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23, 25 సెక్షన్లను సిలబస్‌లో పెట్టండి. తన విషయం గోప్యంగా ఉంచమని అడిగే హక్కు, తన వైద్య రికార్డు తాను చూసుకునే హక్కు పేషెంటుకు ఉన్నాయని చాలామంది కౌన్సెలర్లకే తెలియదు. టౌస్క్ గదిలో చెప్పుకున్నది ఫ్రాయిడ్ చెవికి ఎలా చేరిందో చదివాక ఈ సెక్షన్లు పిల్లలకు వేరేగా వివరించనక్కర్లేదు.

6. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయండి. నా మాటల్లో పొరపాటుంటే చూపించండి, సరిదిద్దుకుంటాను. బోర్డు సమావేశం పెడితే సొంత ఖర్చుతో వచ్చి అరగంట మాట్లాడతాను.

సిలబస్‌లో లేకపోయినా, మూడేళ్లుగా ఈ పాఠాన్ని జిరాక్సు కాగితాల మీద చెబుతున్నాను. క్లాసు అయ్యాక ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇది పరీక్షకు వస్తుందా మేడమ్?" అని అడుగుతారు. రాదని చెబుతాను. అప్పుడు పెన్నులు ఆగిపోతాయి. ఆ తల్లి కూతురు మాత్రం ఆపలేదు. బెటల్‌హైమ్ పేజీకి రెండు కాపీలు అడిగి తీసుకుంది. ఒకటి ఇంట్లో రిపోర్టుల కవర్లో, ఆ ఫొటో పక్కన పెట్టిందట.

జూన్‌లో కొత్త బ్యాచ్ వస్తుంది. ఈలోగా మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
మీ దగ్గర చదువుకుని, మీ సిలబస్ చెబుతున్న ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు